నవీ పిళ్ళై గురించి, బెంచ్ మీద ఆడమనిషి ఉంటే తేడా ఉంటుందా అన్నదాని గురించి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. లా రెండో సంవత్సరం చదువుతున్న మీ చెల్లెలికి ఆఫ్రికా నుంచి అంతర్జాతీయ కోర్టులదాకా వెళ్ళిన ఒక మహిళా జడ్జి జీవితం కాస్త వివరంగా చెప్పమన్నారు. జడ్జి ఆడమనిషైతే తీర్పులో నిజంగా ఏమైనా మారుతుందా లేక అదంతా ఫొటోల కోసమేనా అని ఆ అమ్మాయి అడుగుతోందని కూడా రాశారు. నేను ఏళ్ళ తరబడి క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తున్నాను, రువాండా, యుగోస్లావియా ట్రిబ్యునళ్ళ (అక్కడి మారణకాండల నేరాల్ని విచారించడానికి ఐక్యరాజ్యసమితి పెట్టిన ప్రత్యేక కోర్టులు) తీర్పులు మొదట కుతూహలం కొద్దీ మొదలుపెట్టి తర్వాత వదల్లేక చదువుతూ వచ్చాను. అందుకని నాకు బాగా తెలిసిన మనిషి గురించే చెప్తాను, నవనేతం పిళ్ళై, అందరూ నవీ పిళ్ళై అంటారు.

1941 సెప్టెంబర్ 23న దక్షిణాఫ్రికాలో డర్బన్ ఊళ్ళో పుట్టారు. క్లేర్‌వుడ్ అని బీదవాళ్ళు ఎక్కువగా ఉండే పేట, నాన్న బస్సు డ్రైవర్, తమిళ కుటుంబం, తాతలకాలంలో చెరకు తోటల్లో కూలికి ఒప్పందం మీద ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళు. ఇక్కడ మనకీ ఒక సంబంధం ఉంది, చాలామందికి తెలీదు. 1860 నవంబర్‌లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ చేరింది, అప్పట్నుంచి 1911 దాకా ఇండియా నుంచి లక్షన్నర మందికి పైగా అలా డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతానికి వెళ్ళారు, మద్రాసు ఓడలెక్కినవాళ్ళలో తమిళులతో పాటు విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు కూడా బోలెడుమంది, వాళ్ళ పిల్లలే 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. పిళ్ళై గారు పెరిగిన వీధులు ఇలాంటి కుటుంబాలవే.

చిన్నప్పటి సంగతి ఒకటి ఆవిడే చెప్పారు. ఆరేళ్ళ వయసులో నాన్న జీతం డబ్బులు చేతికిచ్చి పంపిస్తే దార్లో ఒకడు లాక్కుపోయాడు, ఆ పిల్ల కోర్టుకెళ్ళి సాక్ష్యం చెప్పింది, వాడికి శిక్ష పడింది గానీ డబ్బు మాత్రం తిరిగి రాలేదు. కోర్టులో మాట్లాడ్డం అంటే ఏంటో, మాట్లాడినా చేతికి ఏమీ రాకపోవడం అంటే ఏంటో ఆ వయసులోనే తెలిసింది. తర్వాత యూనివర్సిటీకి వెళ్ళాలంటే ఇంట్లో స్తోమత లేదు, క్లేర్‌వుడ్ జనమే చందాలేసి పంపించారు. నటాల్ యూనివర్సిటీలో 1963లో బీఏ, 1965లో ఎల్‌ఎల్‌బీ పూర్తయ్యాయి.

లా అయితే అయింది గానీ ఉద్యోగం ఎవరిస్తారు? తెల్లవాళ్ళ ఆఫీసుల్లో తెల్ల ఉద్యోగులు నల్లమనిషి చెప్తే పనిచెయ్యరు కాబట్టి తీసుకోం అనేవాళ్ళు. దాంతో 1967లో సొంతంగా ఆఫీసు తెరిచారు, నటాల్‌లో తెల్లజాతి కాని ఒక ఆడమనిషి సొంత లా ప్రాక్టీసు పెట్టడం అదే మొదలు. అక్కణ్ణుంచి 28 ఏళ్ళు లాయరుగానే ఉన్నారు, వర్ణవివక్ష మీద పోరాడి జైళ్ళకెళ్ళినవాళ్ళ కేసులు వాదించారు, లాకప్పుల్లో పెట్టే చిత్రహింసల్ని కోర్టు రికార్డుల్లోకి తెచ్చారు. భర్త గేబీ పిళ్ళై కూడా లాయరే. ఆయన్నే నిర్బంధంలోకి తీసుకుంటే ఈవిడ ఊరుకోలేదు, విచారణలో పోలీసులు చట్టవిరుద్ధమైన పద్ధతులు వాడకుండా ఆపమని కోర్టుకెళ్ళారు. 1973లో రోబెన్ ఐలాండ్ జైల్లో ఉన్న రాజకీయ ఖైదీలకి, మండేలాతో సహా, లాయర్లని కలుసుకునే హక్కు సాధించారు. ఇవాళ మనకి ఇది చిన్న విషయంగా అనిపించొచ్చు గానీ జైలు గోడ లోపల ఏం జరిగినా బయటికి చెప్పుకునే దారి లేని చోట లాయరు లోపలికి అడుగుపెట్టగలగడం అంటే లోపలివాళ్ళకి కొండంత అండ.

మధ్యలో హార్వర్డ్ కెళ్ళి 1982లో ఎల్‌ఎల్‌ఎం, 1988లో డాక్టరేట్ చేశారు. అక్కడ లాలో డాక్టరేట్ తీసుకున్న మొదటి దక్షిణాఫ్రికా మనిషి ఆవిడే. డర్బన్‌లో ఇళ్ళల్లో దెబ్బలు తినే ఆడవాళ్ళ కోసం సలహా కేంద్రం పెట్టడంలో ఉన్నారు, 1992లో ఈక్వాలిటీ నౌ అనే అంతర్జాతీయ మహిళా హక్కుల సంస్థని మొదలుపెట్టిన ముగ్గురిలో ఒకరు. 1995లో మండేలా ప్రభుత్వం ఆవిణ్ణి నటాల్‌లో హైకోర్టు స్థాయి జడ్జిగా వేసింది, తెల్లజాతి కాని ఆడవాళ్ళలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి మనిషి. జడ్జి ఛాంబర్స్ లోపల ఎలా ఉంటుందో నా ఛాంబర్స్‌లోకి నేనే అడుగుపెట్టినప్పుడు మొదటిసారి చూశానని ఆవిడ అన్నమాట లాయర్లెవరికైనా గుండెకి తగుల్తుంది, ఎందుకంటే అన్నేళ్ళ ప్రాక్టీసులో అవతలి తెల్ల లాయర్లు జడ్జిగారి గదిలో కూర్చుని మాట్లాడుకుంటుంటే ఈవిడకి ఆ గుమ్మం దాటే వీల్లేదు.

అదే ఏడాది రువాండా ట్రిబ్యునల్‌కి జడ్జిగా ఐక్యరాజ్యసమితి ఎన్నుకుంది. ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా చదవమని చెప్పండి మీ చెల్లెలికి, రెండో ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

1994లో రువాండాలో దాదాపు 100 రోజుల్లో సుమారు 8 లక్షల మందిని, ఎక్కువగా టుట్సీ అనే జాతివాళ్ళని, చంపేశారు. ఆ నవంబర్‌లో భద్రతా మండలి 955వ తీర్మానంతో ట్రిబ్యునల్ పెట్టింది, కోర్టు టాంజానియాలో అరూషా ఊళ్ళో. అక్కడ మొదట విచారణకొచ్చిన మనిషి జాన్ పాల్ అకాయెసు. ఒకప్పుడు బడిపంతులు, తర్వాత స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్, 1993 నుంచి టాబా అనే కమ్యూన్‌కి బూర్గమెస్టర్, అంటే ఆ ప్రాంతానికి పాలనాధికారి, అక్కడి పోలీసులు కూడా ఆయన చేతికిందే. మొదటి పది రోజులు ఈయన హత్యల్ని అడ్డుకున్నాడు కూడా, ఏప్రిల్ 18న తాత్కాలిక ప్రభుత్వంవాళ్ళు పెట్టిన మీటింగ్‌కి వెళ్ళొచ్చాక పూర్తిగా మారిపోయాడు. టాబాలో కనీసం 2000 మంది చనిపోయారని ఛార్జ్‌షీట్ చెప్తుంది.

గమనించాల్సింది ఏంటంటే ఆ మొదటి ఛార్జ్‌షీట్‌లో రేప్ అన్నమాటే లేదు. హత్యలు, హింస, జాతి నిర్మూలన, రెచ్చగొట్టడం ఇవే. 1997 జనవరిలో విచారణ మొదలైంది, బెంచ్ మీద సెనెగల్ నుంచి లైటీ కామా, స్వీడన్ నుంచి లెనార్ట్ ఆస్పెగ్రెన్, పిళ్ళై. ఆ ట్రిబ్యునల్‌లో మొదటి నాలుగేళ్ళూ ఆవిడ ఒక్కతే ఆడ జడ్జి. 'జె' అనే పేరుతో రక్షణలో ఉన్న ఒక తల్లి సాక్ష్యం చెప్తూ, తండ్రిని చంపడానికొచ్చిన ముగ్గురు మిలీషియావాళ్ళు, అంటే ఆయుధాలు పట్టిన మూకలోవాళ్ళు, తన ఆరేళ్ళ కూతుర్ని చెరిచారని చెప్పింది. అప్పుడు బెంచ్ అక్కడితో వదల్లేదు, ఇంకా ప్రశ్నలేసింది, అడిగితే కమ్యూన్ ఆఫీసు దగ్గరే అమ్మాయిల మీద అత్యాచారాలు జరిగాయని విన్నానని చెప్పింది. తర్వాత 'హెచ్' అనే ఇంకో సాక్షి వచ్చి జొన్నచేలో తనమీదే జరిగిందని, ఆఫీసు ఆవరణ బయట ఇతర ఆడవాళ్ళ మీద జరగడం కళ్ళారా చూశానని చెప్పింది. ప్రాణం కాపాడుకోడానికి అధికారి ఆఫీసు దగ్గరికి చేరిన ఆడవాళ్ళండీ వాళ్ళు. తీర్పులో 'ఛాంబర్ అడగ్గా' అనే రాసుంటుంది, ఎవరు అడిగారో విడిగా ఉండదు, కానీ ఆ ప్రశ్నల వెనక పిళ్ళై ఉన్నారన్నది ఆ విచారణ గురించి రాసినవాళ్ళు దాదాపు అందరూ చెప్పేమాట.

దాని తర్వాత మహిళా హక్కుల సంఘాల లాయర్లు రేప్ ఆరోపణలు చేర్చాలని కోర్టుకి అమికస్ బ్రీఫ్, అంటే కేసులో పార్టీ కానివాళ్ళు కోర్టుకి సాయంగా ఇచ్చే వాదన, పంపించారు, ప్రాసిక్యూషన్ మళ్ళీ దర్యాప్తు చేసి 1997 జూన్ 17న ఛార్జ్‌షీట్ సవరించింది. బయటి ఒత్తిడికి లొంగి చేశారని డిఫెన్స్ వాదించింది, హెచ్ చెప్పిన సాక్ష్యమే మమ్మల్ని మళ్ళీ దర్యాప్తుకి పంపిందని ప్రాసిక్యూటర్లు జవాబిచ్చారు. 1998 సెప్టెంబర్ 2న తీర్పు, 15 అభియోగాల్లో 9 రుజువయ్యాయి, నెల తర్వాత యావజ్జీవం, 2001లో అప్పీల్లో కూడా నిలబడింది. విచారణ జరిపి ఒక మనిషిని జాతి నిర్మూలన నేరానికి దోషిగా తేల్చిన మొదటి అంతర్జాతీయ తీర్పు అదే. అంతకంటే పెద్ద మాట, ఒక జాతిని తుడిచిపెట్టే ఉద్దేశంతో చేసినప్పుడు రేప్ కూడా జాతి నిర్మూలనలో భాగమే అని ఒక కోర్టు మొదటిసారి చెప్పింది, అంతర్జాతీయ చట్టంలో రేప్‌కి మొదటి నిర్వచనం కూడా అక్కడే ఇచ్చింది. యుద్ధంలో రేప్‌ని అనాదిగా గెలిచినవాడికి దక్కే సొత్తుగా చూశారు, ఇక అలా కుదరదు, అది యుద్ధ నేరం అని పిళ్ళై తర్వాత అన్నారు.

ఆ నిర్వచనం ఎలా ఉందో చూడండి, నాకు చాలా ఇష్టమైన భాగం. ఏ అవయవం ఎక్కడ అనే లెక్క లేదు. బలవంతపు పరిస్థితుల్లో ఒక మనిషి శరీరం మీద జరిపే లైంగికమైన దాడి, అంతే. ఆవిడ ఒప్పుకుందా లేదా అన్న ప్రశ్నే దాదాపు పక్కకి పోయింది, ఎందుకంటే చుట్టూ కత్తులు పట్టుకున్న మిలీషియా ఉన్నప్పుడు ఒప్పుకోవడం అనేదానికి అర్థమేముంది? బెదిరింపు, భయం, మిలీషియా అక్కడ ఉండటం కూడా బలవంతమే కావొచ్చని తీర్పు రాసింది. ఇంకో అడుగు వేసి, ఒక విద్యార్థినిని బట్టలిప్పించి అందరి ముందు వ్యాయామం చేయించడం, ఎవరూ తాకకపోయినా, లైంగిక హింసే అని చెప్పింది.

మన దగ్గర ఈ సమస్య ఎలా నడిచిందో మీ చెల్లెలు క్లాసులో చదివే ఉంటుంది, మథుర కేసు, హైదరాబాద్‌లో రమీజాబీ కేసు, రెండూ పోలీసులే అత్యాచారం చేశారన్న కేసులు, ఆ గొడవల తర్వాతే 1983లో ఎవిడెన్స్ యాక్ట్‌లో 114ఏ వచ్చింది, కస్టడీలో జరిగినప్పుడు బాధితురాలు నేను ఒప్పుకోలేదని కోర్టులో చెప్తే ఒప్పుకోలేదనే అనుకోవాలి అని. ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియమంలో 120. రెండూ వేరువేరు దార్లలో వచ్చినా, అధికారం కింద చిక్కుకున్న ఆడమనిషి మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కేయకూడదన్న ఆలోచన మాత్రం ఒకటే.

ఇక నా అనుభవం నుంచి ఒక మాట. మన ట్రయల్ కోర్టుల్లో ఆడసాక్షి బోనెక్కి అడిగినదానికంటే ఒక వాక్యం ఎక్కువ చెప్పబోతే ఏం జరుగుతుందో నేను ఎన్నోసార్లు చూశాను, అడిగినదానికే చెప్పమ్మా అని ఎవరో ఒకరు ఆపేస్తారు, ఒక్కోసారి మనవైపు లాయరే ఆపుతాడు, ఛార్జ్‌షీట్‌లో లేనిది వస్తే కేసు చెడుతుందని భయం. ఆ ఆగిపోయిన వాక్యం మరి ఎప్పటికీ రికార్డుకెక్కదు. జడ్జికి ఎప్పుడైనా ఏ ప్రశ్నైనా అడిగే అధికారం మన చట్టంలోనూ ఉంది, పాత 165 సెక్షన్, ఇప్పుడు 168, కానీ దాన్ని వాడి తీరిగ్గా "తర్వాత ఏం జరిగిందమ్మా" అని అడిగే జడ్జీలు తక్కువ. అకాయెసు కేసులో జరిగింది సరిగ్గా ఈ పనే, సాక్షి నోట్లోంచి వచ్చిన అనుకోని మాట దగ్గర బెంచ్ ఆగింది. అందుకే నేను తేడా ఉంటుంది అంటాను, అయితే ఆ తేడా తీర్పు రాసేటప్పటి కంటే సాక్ష్యం వినేటప్పుడు ఎక్కువ. ఇళ్ళల్లో కొట్టించుకున్న ఆడవాళ్ళతో, లాకప్పుల్లో నలిగినవాళ్ళతో 28 ఏళ్ళు గడిపిన మనిషికి, సగంలో ఆగిన వాక్యం వెనక ఇంకేదో ఉందని తెలుస్తుంది. అది ఆడమనిషి కాబట్టి ఎంత, ఆ ప్రాక్టీసు వల్ల ఎంత అంటే నేను ప్రాక్టీసుకే ఎక్కువ మార్కులేస్తాను. పైగా కామా, ఆస్పెగ్రెన్ ఇద్దరూ కూడా ఆ తీర్పు మీద సంతకం పెట్టారు, అదీ మర్చిపోకూడదు.

ఆడ జడ్జీలందరూ ఒకేలా ఆలోచిస్తారా అంటే అస్సలు కాదు, ఇక్కడ ఇంకో ఆఫ్రికా జడ్జిని చూపించాలి. జాంబియాకి చెందిన ఫ్లోరెన్స్ ముంబా యుగోస్లావియా ట్రిబ్యునల్‌లో, బోస్నియా యుద్ధంలో జరిగిన అత్యాచారం మీద నడిచిన ఫురుంజియా కేసు బెంచ్‌కి అధ్యక్షత వహించారు, 1998 డిసెంబర్‌లో తీర్పు. ముద్దాయి అప్పీల్లో ఏమన్నాడంటే, ఈవిడ అంతకుముందు ఐక్యరాజ్యసమితి మహిళల స్థితిగతుల కమిషన్‌లో పనిచేశారు, యుద్ధంలో రేప్ గురించి ఆ కమిషన్‌కి గట్టి అభిప్రాయాలున్నాయి, కాబట్టి ఆవిడ పక్షపాతి అని. 2000 జులైలో అప్పీల్ బెంచ్ ఆ వాదనని కొట్టేసింది, ఆడవాళ్ళ హక్కుల కోసం పనిచెయ్యడం జడ్జికి అనర్హత కాదని. మగ జడ్జి మగవాడైనందుకు పక్షపాతి అని మాత్రం ఎవరూ పిటిషన్ వెయ్యరు, గమనించండి. ఇంతకీ ఆ ముంబా బెంచ్ ఇచ్చిన నిర్వచనం అకాయెసు నిర్వచనం లాంటిది కాదు, శరీర భాగాల లెక్కతో రాసింది, తర్వాత 2001 ఫిబ్రవరిలో కునరాత్స్ కేసులో, అదీ ఆవిడ అధ్యక్షతే, బాధితురాలు ఒప్పుకుందా లేదా అన్నదే అసలు ప్రశ్న అని తేల్చారు, బాధితురాలి నిర్ణయం అనేది కేంద్రం కావాలని. ఇద్దరు ఆఫ్రికా మహిళలు, రెండు దార్లు, రెండూ ఆడవాళ్ళ గౌరవం కోసమే వేసిన దార్లు. చివరికి రువాండా ట్రిబ్యునల్ అప్పీల్ బెంచ్ 2006లో గాకుంబిత్సి కేసులో రెంటినీ కలిపింది, ఒప్పుకోలేదని రుజువు చెయ్యాలి గానీ బలవంతపు పరిస్థితులు చూపిస్తే అదే రుజువు అవ్వొచ్చని. నాకు మాత్రం అకాయెసు నిర్వచనమే ఇప్పటికీ మేలనిపిస్తుంది, సామూహిక హత్యలు జరిగే చోట ఒక్కొక్క బాధితురాల్నీ ఒప్పుకున్నావా అని క్రాస్ చేయించడం నేరం స్వభావాన్నే పక్కదారి పట్టిస్తుంది. అకాయెసు తర్వాత అదే ట్రిబ్యునల్‌లో చాలా రేప్ అభియోగాలు నిలబడకుండా పోయాయి కూడా, ఒక్క గొప్ప తీర్పుతో దారి మొత్తం చదునైపోలేదు.

పిళ్ళై గారి రెండో పెద్ద తీర్పు ఇవాళ ఫోన్ చేతిలో ఉన్న ప్రతివాళ్ళూ తెలుసుకోవాల్సింది. 1999 నుంచి 2003 దాకా ఆ ట్రిబ్యునల్‌కి ఆవిడే ప్రెసిడెంట్, అక్కడే బెంచ్‌కి అధ్యక్షత వహించి 2003 డిసెంబర్ 3న మీడియా కేసు అని పిలిచే కేసులో తీర్పిచ్చారు. ముద్దాయిలు ముగ్గురు. ఫెర్డినాండ్ నహిమానా చరిత్ర ప్రొఫెసర్, జాన్ బోస్కో బరయగ్విజా లాయర్, వీళ్ళిద్దరూ ఆర్‌టీఎల్‌ఎం రేడియో పెట్టినవాళ్ళలో ఉన్నారు. మూడోవాడు హసన్ ఎన్గెజె, కంగురా పత్రిక ఎడిటర్. ఆ రేడియోలో పాటలు, జోకులు, మధ్యలో టుట్సీలని బొద్దింకలు అని పిలవడం, హత్యలు మొదలయ్యాక మనుషుల పేర్లు, దాక్కున్న చోట్లు చదవడం. నువ్వు తుపాకీ, కత్తి, ఏ ఆయుధమూ పట్టకుండానే వేలమంది అమాయకుల చావుకి కారణమయ్యావు అని తీర్పు నహిమానాతో అంది. ఇద్దరికి యావజ్జీవం, బరయగ్విజాకి 35 ఏళ్ళు. 2007లో అప్పీల్లో కొన్ని అభియోగాలు పోయి శిక్షలు 30, 32, 35 ఏళ్ళకి తగ్గాయి, ముఖ్యంగా హత్యలు మొదలవ్వకముందు రాసిన, పలికిన మాటల్ని ఎంతవరకు లెక్కలోకి తీసుకోవచ్చు అన్నదాని దగ్గర అప్పీల్ బెంచ్ వెనక్కి తగ్గింది. వాక్‌స్వాతంత్ర్యం వైపు నుంచి ఆ తీర్పు మీద గట్టి విమర్శలొచ్చాయి, అవి చదవకుండా దీన్ని మెచ్చుకోవద్దని మీ చెల్లెలికి నా సలహా.

మిగతా జీవితం త్వరగా చెప్పేస్తాను. 2003 మార్చిలో హేగ్‌లో ఇంటర్నేషనల్ క్రిమినల్ కోర్టు మొదటి 18 మంది జడ్జీల్లో ఒకరు, అప్పీల్స్ విభాగంలో 2008 దాకా ఉన్నారు. ఆ సెప్టెంబర్ నుంచి 2014 ఆగస్టు దాకా ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్. 2009లో ఢిల్లీ వచ్చినప్పుడు సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం ఎత్తెయ్యమన్నారు, కుల వివక్ష మీద కూడా ఆ రోజుల్లో గట్టిగా మాట్లాడారు, శ్రీలంక యుద్ధం గురించి మాట్లాడితే తమిళురాలు కాబట్టి పక్షపాతం అని అక్కడి ప్రభుత్వంవాళ్ళు అన్నారు. ముంబా మీద వేసిన నిందే ఇంకో రూపంలో. తర్వాత రోహింగ్యాల విషయంలో మయన్మార్ మీద గాంబియా వేసిన కేసులో గాంబియా నియమించిన తాత్కాలిక జడ్జిగా ఐసీజే, అంటే దేశాల మధ్య తగాదాలు తేల్చే అంతర్జాతీయ న్యాయస్థానం, బెంచ్ మీద కూర్చున్నారు, 2020 జనవరి 23న ఆ కోర్టు ఏకగ్రీవంగా రక్షణ ఉత్తర్వులిచ్చింది. 2021 నుంచి 2025 దాకా ఇజ్రాయెల్, పాలస్తీనా విషయంపై ఐరాస విచారణ కమిషన్‌కి అధ్యక్షురాలిగా ఉన్నారు. 2025 సెప్టెంబర్‌లో ఆ కమిషన్ గాజాలో జాతి నిర్మూలన జరుగుతోందని నివేదిక ఇచ్చింది, ఇజ్రాయెల్ దాన్ని పూర్తిగా తోసిపుచ్చింది. అది కమిషన్ నివేదికే తప్ప కోర్టు తీర్పు కాదు, ఆ తేడా పరీక్షల్లో కూడా అడుగుతారు.

ఐసీజే మాట వచ్చింది కాబట్టి, అక్కడ పూర్తికాలపు జడ్జి అయిన మొదటి ఆఫ్రికా మహిళ ఉగాండాకి చెందిన జూలియా సెబుటిండే, 2012 నుంచి ఉన్నారు, అంతకుముందు సియెరా లియోన్ ప్రత్యేక కోర్టులో లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్ల్స్ టేలర్ కేసు విన్న బెంచ్‌లో ఉన్నారు. 2024 జనవరి 26న గాజా విషయంలో దక్షిణాఫ్రికా వేసిన కేసులో ఇజ్రాయెల్‌కి వ్యతిరేకంగా ఇచ్చిన ఉత్తర్వులన్నిటికీ వ్యతిరేకంగా ఓటేసింది ఆవిడ ఒక్కరే. పిళ్ళై, సెబుటిండే, ఒకే ఖండం, ఇద్దరూ ఆడవాళ్ళు, ఒకే యుద్ధం మీద పూర్తిగా ఎదురెదురు అభిప్రాయాలు. ఆడమనిషి అయితే ఇలాగే తీర్పిస్తుంది అని ఎవరైనా మీ చెల్లెలితో అంటే ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, జీవిత చరిత్రలతో కాకుండా అకాయెసు తీర్పుతోనే మొదలుపెట్టమనండి, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. పెద్దది, మొదటి పేజీ నుంచి చదివితే విసుగొస్తుంది, 416వ పేరా దగ్గర మొదలుపెట్టమనండి, సాక్షులు జె, హెచ్, జెజె చెప్పినవి అక్కడున్నాయి, చదవడం కష్టంగానే ఉంటుంది, ఒక్కసారిగా కాకుండా ఆగి ఆగి చదవమనండి. తర్వాత 598, 688, 731 పేరాలు. అవయ్యాక ఫురుంజియా అప్పీల్ తీర్పులో ముంబా మీద పక్షపాతం ఆరోపణ గురించిన భాగం, ఆ తర్వాత మీడియా కేసు, ట్రయల్ తీర్పూ అప్పీల్ తీర్పూ పక్కపక్కన పెట్టుకుని. సాక్ష్య చట్టం పేపర్ ఈ సెమిస్టర్‌లోనే ఉందని రాశారు కదా, 120, 168 సెక్షన్లు వీటితో కలిపి చదివితే రెండూ బాగా గుర్తుంటాయి. చదివాక సందేహాలుంటే ఆ అమ్మాయినే నేరుగా అడగమనండి, తీరిక చూసుకుని జవాబు రాస్తాను.